మూడో ఆదివారం ప్రకటన

నా చిన్నప్పుడు వేసవి సెలవులంటే నాకు బందరే. మా ఊరు మొవ్వ దగ్గర. పరీక్షలు అయిన మర్నాడే మా అమ్మ రెండు జతల బట్టలు సంచీలో కుక్కి, కండక్టరుకి పదిసార్లు అప్పజెప్పి, నన్ను బస్సెక్కించి మా అమ్మమ్మ దగ్గరికి పంపేసేది. నేను ఇంట్లో ఉంటే తనకి ఊపిరాడదనేది. నిజమే లెండి, నా నోరు అలాంటిది. ఇప్పటికీ అంతే, కావాలంటే మా ఇంట్లోవాళ్ళని అడగండి.

మా అమ్మమ్మ బందరులో ఒక పాత గుడి వెనకున్న గదిలో ఉండేది. దొరల కాలంలో దొరలే కట్టుకున్న చర్చి అది, మేం గుడి అనే అంటాం. గోడలు రెండు మూరల మందం ఉండేవి, మిట్టమధ్యాహ్నం కూడా లోపల చల్లగా ఉండేది. నేల మీద పరిచిన బండల్లో కొన్ని సమాధి రాళ్ళు. వాటిమీద దొరల పేర్లు, దొరసానుల పేర్లు, రెండేళ్ళకీ మూడేళ్ళకీ పోయిన వాళ్ళ పిల్లల పేర్లు చెక్కి ఉండేవి. మొదట్లో వాటిని తొక్కడానికి భయమేసి గెంతుకుంటూ నడిచేదాన్ని. "వాళ్ళేం లేచి రారులేవే, నడు" అనేది మా అమ్మమ్మ. మా తాతయ్య బతికున్నన్నాళ్ళూ ఆ గుడి గంట కొట్టాడు. ఆయన పోయాక అమ్మమ్మ గుడి ఊడ్చి, బెంచీలు తుడిచి, బాప్తిస్మం ఉన్న రోజున రాతి తొట్టిలో నీళ్ళు నింపి, అక్కడే కాలం వెళ్ళదీసింది. ఆమెకి చదువు రాదు, సంతకం కూడా వేలిముద్రే.

అసలు ఆ గది ఆమెకి దక్కింది ఎదురింటి మావయ్యగారి వల్ల. చుట్టరికమేమీ లేదు, వరసకి మావయ్య. ఆ సంఘానికి పెద్ద ఆయన. తాతయ్య పోగానే గది ఖాళీ చేయించాలని కమిటీలో కొందరంటే, ఈయన లేచి, ముప్పయ్యేళ్ళు గంట కొట్టినవాడి పెళ్ళాన్ని వీధిలో పెడతామా అని గట్టిగా అడిగారట. ఆ మాట మా అమ్మమ్మ వచ్చినవాళ్ళకీ పోయినవాళ్ళకీ చెప్పుకునేది. ఆయన భార్య ఎప్పుడో పోయింది. ఒక్కతే కూతురు. ఆమే మా ఎదురింటి అక్క. నాకు జడ వేసేది, లెక్కలు చెప్పేది, తప్పు చేస్తే మొట్టికాయ కూడా వేసేది. ఆ ఏడు పదో తరగతి ఫస్టు క్లాసులో పాసయింది. నాకు లోకంలో అంతకంటే గొప్పవాళ్ళు లేరు.

నాకు పదో పదకొండో ఏళ్ళున్నప్పటి మాట ఇది. ఆ మే నెలలో నేను వెళ్ళేసరికి అక్కకి పెళ్ళి కుదిరింది. పెళ్ళికొడుకుది గుడివాడ, ఏదో ఆఫీసులో ఉద్యోగం. ముప్పయ్‌కి దగ్గర పడ్డవాడు, మంచివాడేనని అందరూ అన్నారు. మా గుళ్ళల్లో పెళ్ళికి ముందు మూడు ఆదివారాలు ప్రకటన చదవాలి. వధూవరుల పేర్లు చదివి, ఈ పెళ్ళి జరగకూడదనడానికి ఎవరికైనా కారణం తెలిస్తే చెప్పండని పాస్టరు అయ్యగారు సంఘాన్ని అడుగుతారు. ఎవరూ ఏమీ చెప్పరు. చెప్పే వాళ్ళుంటారని ఎవరూ అనుకోరు కూడా. ఆ వివరాలే ఒక కాగితం మీద రాసి గుడి తలుపుకి అంటిస్తారు.

మొదటి ఆదివారం ఆరాధన అయ్యాక అమ్మమ్మ ఆ కాగితం ముందు ఆగి, చదవమంది. నాకు చదివి వినిపించడమంటే మహా గర్వం. గొంతు సవరించుకుని పేర్లు, ఊర్లు, ఉద్యోగం చదివాను. వధువు వయసు పందొమ్మిది అని చదవగానే, "ఎంతా?" అంది. మళ్ళీ చదివాను. చీపురు తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది. చూస్తే బెంచీల మధ్య నిలబడి వేళ్ళ కణుపులు లెక్కపెట్టుకుంటోంది.

మా వైపు ఆ తరంవాళ్ళకి పుట్టిన తేదీలతో పని లేదు. డెబ్భై ఏడులో సముద్రం దివిసీమ మీదికీ బందరు మీదికీ విరుచుకుపడ్డ ఉప్పెన ఒక్కటే గుర్తు. ఫలానావాడు ఉప్పెనకి ముందు పుట్టాడు, ఫలానా పెళ్ళి ఉప్పెన పోయిన రెండేళ్ళకి జరిగింది, ఇలా ఉండేవి వాళ్ళ లెక్కలు. ఆ లెక్క ప్రకారం అక్కకి పందొమ్మిది రావు గాక రావు. ఉప్పెన తర్వాత గుడి బావి నీళ్ళు ఏడాది పాటు నోట పెట్టలేనంత ఉప్పగా ఉండేవట. అక్క బాప్తిస్మానికి అమ్మమ్మ రెండు మైళ్ళు నడిచి బిందెతో మంచినీళ్ళు మోసుకొచ్చి తొట్టిలో పోసింది. అలాంటి రోజుని ఎలా మరిచిపోతుంది?

ఏటా మే నెలలో వానలకి ముందు గుడి పాత పుస్తకాలకి ఎండ చూపించడం అమ్మమ్మ పని. బీరువా తీసి, బాప్తిస్మాల పుస్తకాలూ పెళ్ళిళ్ళ పుస్తకాలూ సమాధుల పుస్తకాలూ వసారాలో చాప మీద పరిచి, పురుగు పట్టిన పేజీలు విదిలించేది. ఆ మంగళవారం పుస్తకాలు పరిచాక నన్ను కూర్చోబెట్టి అక్క పేరు వెతకమంది. గంటసేపు వెతికాను. దొరికింది. బాప్తిస్మం తేదీ పక్కనే పుట్టిన తేదీ కూడా ఉంది. ఉప్పెన కార్తీకంలో వస్తే, అక్క పుట్టింది ఆ పై వేసవిలో. నేలమీద బొగ్గుముక్కతో తీసివేత చేశాను. పదహారు వచ్చింది. తప్పు చేశానేమోనని మళ్ళీ చేశాను. పదహారే.

నాకు ఒళ్ళు మండిపోయింది. పరిగెత్తుకెళ్ళి అక్కని అడిగేశాను, ఎందుకబద్ధం రాశారని. అక్క వంటింట్లో బియ్యం ఏరుతోంది. చేటలోంచి తలెత్తకుండా, ఎవరికీ చెప్పకు అంది. నాన్నకి గుండె జబ్బు, చలికాలంలో విజయవాడ ఆసుపత్రిలో పది రోజులున్నారు, తను పోయేలోగా నన్నొక ఇంటిదాన్ని చెయ్యాలని ఆయన తపన, కాదంటే ఆయనకేమన్నా అయితే నేనేం కాను అంది. మరి నీకిష్టమేనా అన్నాను. బియ్యంలో రాళ్ళు తీసి పారేస్తూ కూర్చుంది. ఇంటర్‌లో చేరడానికి తెచ్చుకున్న దరఖాస్తు ఫారం ఏదీ అని అడిగితే పొయ్యిలో పడేశానంది. అప్పుడు ఏడ్చింది. నేనూ ఏడ్చాను. తన నెత్తిమీద చెయ్యి వేయించి ఎవరికీ చెప్పనని ఒట్టు పెట్టించుకుంది.

ఒట్టు పెట్టానే గానీ నాకు తిండి సయించలేదు. అక్కని ఎవరో ఎత్తుకుపోతున్నట్టే అనిపించేది. రెండో ఆదివారం అయ్యగారు మళ్ళీ ఆ కాగితం తీశారు. ఎవరికైనా తెలిసిన యెడల చెప్పవలెను అని ఆయన అనగానే నేను లేవబోయాను. ఒట్టు లేదు, గిట్టు లేదు, పదహారని అరిచేద్దామనుకున్నాను. అమ్మమ్మ నా పరికిణీ పట్టి కిందకి లాగి, గట్టిగా తొడపాశం పెట్టింది. నా నోరు మూతపడింది. ఇది రెండవ ప్రకటన అని చదివి అయ్యగారు కాగితం మడిచారు.

గదికి రాగానే ఆమె మీద విరుచుకుపడ్డాను. నువ్వొట్టి పిరికిదానివి, గది పోతుందని నీ భయం, మావయ్యగారంటే నీకు వణుకు అన్నాను. ఎంత మాట! ఇంకొకరైతే చెంప పగలగొట్టేవారు. ఆమె పొయ్యి దగ్గర కూర్చుని నా ముఖం చూసింది.

"భయమేనే. లేదని ఎట్టా అంటాను? కానీ నువ్వు లేచి చెప్తే చిన్నపిల్ల వాగిందంటారు. నిజమని తేలినా ఆ ఇంటోళ్ళు జన్మంతా నిన్ను చూసి మొహం తిప్పుకుంటారు. ఆ అక్క నిన్నే తిట్టుకుద్ది. ఇది నువ్వు మొయ్యాల్సింది కాదు. నాకు తెలిసి ఊరుకుని నీతో చెప్పిస్తే నేనేం పెద్దదాన్ని?"

నాకప్పుడు సగమే అర్థమయింది. మరి నువ్వు చెబుతావా అంటే పొయ్యిలోకి పుల్లలు ఎగదోసింది. అయ్యగారికి విడిగా చెప్పే వీలు లేదు. ఆయన కొత్తగా వచ్చినాయన, బందరు పక్క గూడూరు వైపు ఉండేవారు. నాలుగు గుళ్ళు చూసుకోవాలి. ఆదివారం సరిగ్గా ఆరాధన వేళకి మోటారుసైకిల్ మీద వచ్చి, అయిపోగానే ఇంకో గుడికి వెళ్ళిపోయేవారు. వచ్చినప్పటి నుంచి వెళ్ళేదాకా మావయ్యగారు ఆయన పక్కనే ఉండేవారు. సంఘ పెద్ద రాసిచ్చిన వయసుని పుస్తకం తీసి సరిచూడాలని ఆయనకి తోచినట్టు లేదు.

గురువారం పొద్దున అమ్మమ్మ ఉతికిన చీర కట్టుకుని ఎదురింటికి వెళ్ళింది. నేను వెంటబడ్డాను, గుమ్మం బయట కూర్చోమంది. లోపల మాటలు నాకు వినపడుతూనే ఉన్నాయి. ఇంకో రెండేళ్ళు ఆగకూడదా బాబూ, పిల్ల చదువుకుంటానంటోంది కదా అని బతిమాలుతున్నట్టే అడిగింది.

"రెండేళ్ళు నేనుంటానా పిన్నీ?" అన్నారు మావయ్యగారు. ఆ గొంతు విని నాకే జాలేసింది.

అమ్మమ్మకీ జాలేసే ఉంటుంది. నువ్వు పోతే పిల్లని మేమందరం చూసుకుంటాం, సంఘముంది, నేనున్నాను అంది. ఆయనకి అక్కడ కోపమొచ్చింది. నువ్వెంతకాలం ఉంటావు, ఏం పెట్టి చూసుకుంటావు అన్నారు. అమ్మమ్మ ఇంకేదో అనబోయేసరికి, పుస్తకంలో వయసు వేరేగా ఉంది బాబూ అనే మాట ఆమె నోట్లోంచి వచ్చేసింది. ఆయన కుర్చీలోంచి లేచిన చప్పుడయింది.

"నువ్వు గుడి ఊడ్చుకో పిన్నీ. పుస్తకాల సంగతి నీకెందుకు?"

ఆమె కాళ్ళీడ్చుకుంటూ బయటికొచ్చింది. ఆ మాట ఆయన అన్నారంటే నమ్మలేనట్టుంది ఆమె ముఖం. శుక్రవారం, శనివారం సరిగా అన్నం తినలేదు. శనివారం గుడి ఊడ్చింది, బెంచీలన్నీ రెండుసార్లు తుడిచింది. నేనేమడిగినా ఊఁ అనేది, అంతే.

మూడో ఆదివారం. ఆ రోజు అయ్యగారు రాగానే, ఆయన అంగీ వేసుకునే సామాన్ల గదిలోకి వెళ్ళి చెప్పేస్తానంది అమ్మమ్మ. నలుగురిలో మావయ్యగారి పరువు పోకుండా చూద్దామని ఆమె ఆశ. కానీ మోటారుసైకిల్ ఎక్కడో పాడయి అయ్యగారు ఆలస్యంగా వచ్చారు. ఆయన దిగేసరికే రెండో గంట కొడుతున్నారు. మావయ్యగారు ఎదురెళ్ళి ఆయన్ని లోపలికి తీసుకుపోయారు. ఆ తలుపు దాకా వెళ్ళిన అమ్మమ్మ వెనక్కి తిరిగి వచ్చి నా పక్కన కూర్చుంది.

పాటలు పాడారు. వాక్యం చదివారు. నాకు ఒక్క ముక్క ఎక్కలేదు. మగవాళ్ళ వైపు మొదటి బెంచీలో మావయ్యగారు, మా ముందు రెండు వరసల అవతల తలమీద చెంగు కప్పుకుని అక్క. పెళ్ళి బుధవారం. గుడివాడ నుంచి పెళ్ళికొడుకు తాలూకు వాళ్ళు ఇద్దరు ముగ్గురు కూడా వచ్చి కూర్చున్నారు. అయ్యగారు కాగితం విప్పారు. పేర్లు చదివారు. ఎవరికైనా అభ్యంతరం తెలిసిన యెడల ఇప్పుడే తెలియజేయవలెను, ఇది మూడవ ప్రకటన, కడపటి ప్రకటన అన్నారు. అని కాగితం మడవబోయారు.

మా అమ్మమ్మ లేచింది.

లేవడమైతే లేచింది గానీ నోటమాట రాలేదు. ముందు బెంచీ అంచు పట్టుకుంది. ఆమె చీర కుచ్చిళ్ళు నా చేతికి తగులుతున్నాయి, మోకాళ్ళు గడగడా వణుకుతున్నాయి. పడిపోతుందేమోనని నేను ఆమె నడుం పట్టుకున్నాను. జనమంతా వెనక్కి తిరిగి చూశారు. ఒంట్లో బాగోలేదేమో కూర్చోబెట్టండమ్మా అన్నారు అయ్యగారు.

"నాకు బానే ఉందండి. మీరు అడిగారు కదండీ, తెలిసినోళ్ళు చెప్పమని. నాకు తెలుసండి. ఆ పిల్లకి పందొమ్మిది కాదండి. పదహారండి. ఉప్పెన పోయిన పై ఏడు పుట్టిందండి. ఆ పిల్ల బాప్తిస్మానికి నీళ్ళు నేనే మోసుకొచ్చానండి. మీ బీరువాలో పుస్తకం ఉంది, చూసుకోండి."

మావయ్యగారు లేచి నిలబడ్డారు. ముఖం ఎర్రగా కందిపోయింది. చెయ్యి ఛాతీ మీదికి పోయింది. అయిపోయింది, ఆయనకేదో అయిపోతోంది అనుకున్నాను. అక్క నాన్నా అని ఒక్క కేక పెట్టింది. అమ్మమ్మ నా భుజాన్ని ఎంత గట్టిగా పట్టుకుందంటే తర్వాత చూస్తే వేళ్ళ అచ్చులు పడ్డాయి.

ఆయనకేమీ కాలేదు. చెయ్యి దించి, మళ్ళీ కూర్చున్నారు. అయ్యగారు సామాన్ల గదిలోకి వెళ్ళారు. బీరువా తలుపు కిర్రుమంది. ఆయన తిరిగి రావడానికి పది నిమిషాలు పట్టిందో అరగంట పట్టిందో నాకు తెలియదు. ఎవరూ కదల్లేదు. పుస్తకం చేత్తో పట్టుకునే వచ్చి, ఈ వివాహ ప్రకటన నిలుపు చేయడమైనది అన్నారు. గుడివాడవాళ్ళు లేచి వెళ్ళిపోయారు. మావయ్యగారు మా బెంచీ పక్కనుంచే నడిచి వెళ్ళారు, మావైపు చూడలేదు. అక్క కూడా చూడలేదు. అదే నా ప్రాణానికి తగిలింది.

ఆ మధ్యాహ్నం అమ్మమ్మ గుడి తుడిచింది. ఎప్పటిలాగే బెంచీలు సరిచేసింది. తర్వాత గదిలోకి వచ్చి గిన్నెలు గోనెసంచీలో సర్దడం మొదలుపెట్టింది. ఎవరూ పొమ్మనలేదు కదా అన్నాను. పొమ్మనరు, ఆయన అలాంటివాడు కాదు అంది. కానీ రోజూ పొద్దున్నే తలుపు తీస్తే నేను కనపడాలి, ఆయన చూడాలి, ఆ బాధ ఆయనకెందుకు అంది. ముప్పయ్యేళ్ళకి పైగా ఉన్న గది. తాళంచెవి ఇప్పుడు గంట కొట్టే ఆయన చేతిలో పెట్టి, వాకిలి ఒకసారి ఊడ్చి, నన్ను వెంటబెట్టుకుని బస్టాండుకి నడిచింది.

బస్సు కదిలాక అమ్మమ్మ కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది. గూడూరు దాటాక నావైపు తిరిగింది.

"నేను చేసింది తప్పంటావా అమ్మా?"

నన్నడిగింది. వారం కిందట పిరికిదానివని తిట్టిన నన్ను. ఆమె చెయ్యి తీసుకుని నా ఒళ్ళో పెట్టుకున్నాను.

తర్వాత ఆమె మా ఇంట్లోనే ఉండిపోయింది. బందరు మాట ఎత్తేది కాదు. ఉత్తరం ముక్క రాలేదు. మా అమ్మ అప్పుడప్పుడూ, అందరి ముందూ అలా అనకపోతే ఏం, ఉన్న గూడు పోగొట్టుకున్నావు అని సణిగేది. అమ్మమ్మ వింటూనే తన పని తను చేసుకునేది. రెండేళ్ళపాటు ఆమె అలా తనలో తనే నలిగింది. నేను చూశాను కాబట్టి చెబుతున్నాను. మంచిపని చేశాక మనసు తేలికపడుతుందంటారే, అది అందరికీ కాదు.

రెండేళ్ళు గడిచాక ఒక మధ్యాహ్నం అక్క బస్సు దిగి మా ఇంటికొచ్చింది. పొడుగయింది, చిక్కిపోయింది. లోపలికి వచ్చి అమ్మమ్మ వెనక కూర్చుని, దువ్వెన అడిగి తీసుకుని, ఆమె తల దువ్వింది. నాకు ఉక్రోషంగానే ఉంది. ఇన్నాళ్ళూ ఎక్కడికి పోయావని అడగబోతే మా అమ్మ కళ్ళతోనే ఆపింది. జుట్టు ముడివేశాక అక్క అప్పుడు చెప్పింది, ఇంటర్ అయిపోయిందని, టీచరు ట్రైనింగులో సీటొచ్చిందని. నాన్నే వెంటబెట్టుకుని వెళ్ళి చేర్పించారు అమ్మమ్మా, ఇప్పుడు కూడా బస్సెక్కించింది ఆయనే అంది. మా అమ్మమ్మ వెక్కి వెక్కి ఏడ్చింది. గుళ్ళో ఏడవలేదు, గది వదిలినప్పుడు ఏడవలేదు, అప్పుడేడ్చింది. మావయ్యగారు ఆ తర్వాత కూడా ఆమెతో మాట్లాడింది లేదు. ఆయన మాత్రం చాలా ఏళ్ళు బతికారు, అక్క పెళ్ళి ఆయన చేతుల మీదుగానే జరిగింది.

నాకిప్పుడు జుట్టు నెరుస్తోంది. బడిలో పాఠాలు చెప్పుకుంటాను. మీటింగుల్లో అన్నీ నిర్ణయించేశాక చివర్లో, ఎవరికైనా అభ్యంతరముందా అని అడుగుతారు. అందరూ అప్పటికే కుర్చీలు వెనక్కి జరుపుతూ ఉంటారు. ఊరికే అడిగే మాటని అడిగేవాళ్ళకీ తెలుసు, వినేవాళ్ళకీ తెలుసు. మా అమ్మమ్మ మాత్రం దాన్ని నిజంగా తననే అడిగారనుకుంది. పక్కనున్న చిన్నవాళ్ళెవరో చెబుతారులే అనుకోలేదు. చెప్పితీరాల్సింది నాకు తెలిసినప్పుడు నేనూ ఆ కుర్చీల చప్పుడు మధ్య లేస్తాను. పెద్ద నోరున్నదాన్నే గానీ ఆ క్షణాన గొంతు ఎండిపోతుంది, మోకాళ్ళు వణుకుతాయి. వణికితే వణకనీ అనుకుని ముందున్న బల్ల అంచు పట్టుకుంటాను.